మా వదిన పెట్టుకున్న పొయ్యి

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా చుట్టాలకి ఇప్పటికీ అంతుపట్టలేదు. హైటెక్ సిటీలో ఆఫీసు అనగానే సాఫ్ట్‌వేరే అనుకుంటారు. కాదండీ, ఫోన్లలో కనిపించే ఇంగ్లీషు మాటల్ని తెలుగులోకి మారుస్తాం అంటే, "దానిక్కూడా జీతమిస్తారా?" అని ఆశ్చర్యపోతారు. ఇస్తారు. 'సమర్పించు', 'రద్దు చేయి', 'ఏదో తప్పు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి' అని ఫోను చెప్పినప్పుడు మీకు ఒళ్ళు మండుతుంది చూడండి, ఆ పాపంలో నాకూ కాస్త వాటా ఉంది.

మా ఆఫీసులో ఒక కట్టుబాటు ఉంది. ఒక ఇంగ్లీషు మాటకి ఒకే తెలుగు మాట. ఒకసారి ఖాయం చేశామంటే ఇక ఎక్కడొచ్చినా అదే పడాలి. పైగా ఆ మాటలు మా దగ్గరికి విడివిడిగా, ముందూ వెనకా లేకుండా వస్తాయి. ఎవరు ఎవరితో అంటున్నారో, కోపంగా అంటున్నారో ప్రేమగా అంటున్నారో మాకు తెలియదు, అడిగే వీలూ లేదు. ఏళ్ళ తరబడి అలా పనిచేసేసరికి, ప్రతి మాటకీ సరైన అర్థం ఎక్కడో ఒకటి ఉంటుందనీ, ఓపిగ్గా వెతికితే దొరుకుతుందనీ నాకు గట్టి నమ్మకం కుదిరిపోయింది. ఆ నమ్మకంతోనే, ఒక చిన్న ప్రచురణ సంస్థవాళ్ళు అడిగితే, ఒక నవల అనువాదానికి ఒప్పుకున్నాను.

ఏదో మంచుదేశం నవల. అక్కడి భాషలోంచి ఎవరో ఇంగ్లీషు చేశారు, దాన్ని నేను తెలుగు చెయ్యాలి. తెల్లాపూర్ నుంచి మాదాపూర్ వెళ్ళే ఆఫీసు బస్సులో, గచ్చిబౌలి దగ్గర బస్సు కదలని సమయమంతా దానికే ఇచ్చాను. ట్రాఫిక్ పుణ్యమా అని సగం పుస్తకం సాఫీగా అయిపోయింది. ఆ తర్వాత 'హార్త్' అనే మాట దగ్గర నా బండి ఆగిపోయింది.

అక్షరాలా చూస్తే పెద్ద కష్టమేం కాదు. చలిదేశాల ఇళ్ళలో గోడలోకి కట్టుకున్న నిప్పుగూడు, దాని ముందు పరిచిన రాతి గచ్చు. అక్కడే చలి కాచుకుంటారు, పాత రోజుల్లో అక్కడే వండుకునేవారు కూడా. కానీ వాళ్ళ వాడుకలో ఆ మాటకి ఇల్లు అనీ, ఇంటివాళ్ళనీ, అందరూ చుట్టూ చేరి కూర్చునే వెచ్చదనమనీ అర్థాలున్నాయి. నవల చివర్లో ఒక పెద్దావిడ, బతుకంతా ఎవరెవరి ఇళ్ళలోనో గడిపి, ఆఖరికి తనదైన 'హార్త్' దగ్గర కూర్చుంటుంది. వాక్యం అంతే, చాలా చిన్నది. నిప్పుగూడు అని రాస్తే ఆవిడ చలి కాచుకుంటున్నట్టుంది. ఇల్లు అని రాస్తే నిప్పు ఆరిపోతోంది. కుంపటి అందామంటే, మనవాళ్ళకి కుంపటి అనగానే గుండెల మీదదే గుర్తొస్తుంది. ఇక మిగిలింది పొయ్యి.

పొయ్యి అనే మాటతో నా గొడవ ఏమిటో చెప్పాలంటే ముందు మా వదిన గురించి చెప్పాలి.

మా వదిన అంటే మా ఆయన అక్కగారు. ఆవిడ భర్త, నాకు వరసకి అన్నయ్యగారు, పోయాక కాకినాడలో ఒక్కతే ఉండేది. మా అమ్మాయి నెలల పిల్లప్పుడు, నేను మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాల్సి వచ్చి, "ఒక్క నెల వచ్చి ఉండండి వదినా" అని బతిమాలితే ఒక చిన్న సూట్‌కేసుతో వచ్చింది. ఆ నెల పూర్తవడానికి మా అమ్మాయి పదో తరగతి పాసవ్వాల్సి వచ్చింది. ప్రగతి నగర్‌లో అద్దె ఇంట్లో ఉన్నప్పుడూ, తర్వాత తెల్లాపూర్‌లో ఈ పెద్ద పెద్ద టవర్ల మధ్య ఫ్లాటు కొనుక్కున్నప్పుడూ మా ఇంట్లో వంట మా వదినదే. ఇప్పుడు అమ్మాయి ఇంటర్మీడియట్‌కి హాస్టల్లో చేరింది. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దంలోనే ఒక ఆదివారం పొద్దున్న, కాఫీ గ్లాసులు మా చేతుల్లో పెట్టి, మా వదిన చాలా మామూలుగా అంది.

"లింగంపల్లిలో చిన్న వాటా ఒకటి చూసుకున్నానర్రా. స్టేషనుకి దగ్గర. మంచిరోజు చూసుకుని వెళ్తాను. అక్కడ నా వంట నేను చేసుకుంటాను."

మా ఆయన కాఫీ తాగడం ఆపేశాడు. "అదేంటక్కా? ఇక్కడ నీకేం తక్కువైంది?"

"తక్కువేం లేదురా."

"మరి?"

"మరేం లేదు," అని, కరివేపాకు దూయడానికి బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

ఆ క్షణం నుంచి నాకు తెలుసుకోవాల్సింది ఒక్కటే మిగిలింది. మా వదిన మా మీద కోపంతో వెళ్ళిపోతోందా, కాదా? కోపమైతే, ఎవరి మీద? తమ్ముడి మీద అక్కలకి కోపాలు నిలవవు. కాబట్టి నా మీదే అయ్యుండాలి. మా అమ్మ పోయాక నన్ను కూర్చోబెట్టి అన్నం తినమన్న మనిషి ఆవిడ ఒక్కతే. ఆవిడ నా మూలంగా ఇల్లు వదిలి వెళ్తోందంటే నాకు నిజంగా భయం వేసింది. తల పట్టుకుని వెనక్కి వెళ్ళి ఒక్కొక్కటీ తవ్వుకోవడం మొదలుపెట్టాను.

అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళిన కొత్తలో, "ఇంకా ఎన్నాళ్ళు వదినా ఈ వంటా అదీ, ఇక మీరు హాయిగా కూర్చోండి" అన్నాను. అనడమే కాదు, ఒక వంటమనిషిని కూడా పెట్టాను. నా లెక్కలో అది ప్రేమ. ఆవిడకి 'ఇక నీతో పని లేదు' అని వినిపించిందా? లేక వంటగది మార్పించినప్పుడా? పాత స్టవ్వు తీసేసి, గట్టులోకి అమర్చే అద్దం పొయ్యి పెట్టించాను, నెత్తిన పొగ గొట్టం పెట్టించాను. అది వెలిగించడం ఆవిడకి మొదట్లో రాలేదు. ఒకసారి నేను నవ్వాను కూడా. నవ్వింది మీట నొక్కిన తీరు చూసే గానీ మనిషిని చూసి కాదు. ఆ సంగతి ఆవిడకి తెలుసో లేదో! లేక పప్పులో ఉప్పు గురించి ఏదైనా అన్నానా? ఇలా తవ్వుతూ పోతే మా ఇంట్లో ప్రతి రోజూ ఒక కారణం దొరికేలా ఉంది. మనిషి ముఖం చూద్దామంటే ఎప్పటిలాగే ఉంది. నవ్వుతోంది, సీరియల్ చూస్తోంది, వంటమనిషికి పోపు ఎప్పుడు దించాలో చెబుతోంది.

"మీరైనా అడగండి" అన్నాను మా ఆయనతో.

"నేనెందుకు అడుగుతాను? వెళ్ళేవాళ్ళని అడగడమేంటి?" అన్నాడు. అలిగాడన్నమాట. మా ఆయన అలిగితే ఇల్లంతా తిరుగుతూ వెలగని లైట్లని కూడా ఆపుతూ ఉంటాడు. నెలంతా ఆపాడు.

ఈలోగా కబురు కాకినాడ చేరింది. మా ఆయన మేనత్తగారు ఫోన్ చేసి, బాగున్నావా అని కూడా అడక్కుండా, "ఏవమ్మా, మీ వదిన వేరు పొయ్యి పెడుతోందటగా?" అంది.

మా వైపు వేరు పొయ్యి అంటే ఇంకో స్టవ్వు అని కాదు. ఆ ఇంట్లో ఏదో తెగిందని. అన్నదమ్ములు విడిపోయినా, అత్తాకోడళ్ళకి పడకపోయినా, బయటివాళ్ళు గొడవ ఏమిటని అడగరు, వేరు పొయ్యి పెట్టారట అంటారు, అందులో అన్నీ వచ్చేస్తాయి. మర్నాడు బస్సులో కూర్చుని నవల తెరిస్తే ఆ వాక్యమే ఎదురుగా ఉంది. అప్పుడు నాకు బుర్ర నిజంగానే తిరిగిపోయింది. అక్కడ నిప్పు చుట్టూ మనుషులు చేరతారు. ఇక్కడ నిప్పు ఒకటికి రెండైతే మనుషులు విడిపోయారని లెక్క. కోపమొస్తే పొయ్యిలో పొమ్మంటాం. గతిలేని ఇంటిని పొయ్యి వెలగని ఇల్లంటాం. ఆ పెద్దావిడని తనదైన పొయ్యి దగ్గర కూర్చోబెడితే, ఆవిడకి ఎవరితోనో గొడవైందని తెలుగువాళ్ళందరూ అనుకోరూ?

ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయికి గోడు వెళ్ళబోసుకున్నాను. "మేడమ్, అంత ఆలోచిస్తారేంటి? హోమ్ బటన్‌కి మనం హోమ్ అనే పెట్టాం కదా, దీనికీ హార్త్ అనే పెట్టెయ్యండి," అంది. అమ్మాయి మంచిదే. వయసు చిన్నది.

ఆ గందరగోళంలో ఉండగానే నాకొక ఆలోచన వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు చాలా గొప్ప ఆలోచన అనిపించింది. నెలల తరబడి ఆ నవలలో మునిగి ఉన్నాను కదా, అందులో పక్కింటివాళ్ళు ఒకరింటికి ఒకరు నిప్పు పట్టుకెళ్తారు. అది చదివి చదివి నా కళ్ళు చెమర్చి ఉన్నాయి. సరే, వదిన వెళ్ళేది ఎలాగూ ఖాయం. మనసులో ఏమీ లేదని తెలియాలంటే, ఆ ఇంటికి పొయ్యి మనమే కొనిద్దాం అనుకున్నాను. అంతకంటే ఆత్మీయమైన కానుక ఏముంటుంది? మా ఆయన్ని వెంటబెట్టుకుని చందానగర్ వెళ్ళి, మూడు బర్నర్ల మంచి స్టవ్వు ఎంచి, దానికి రంగు కాగితం చుట్టించి మరీ తెచ్చాను. హాల్లో వదిన ముందు పెట్టి, చిన్నపిల్లలా నిలబడ్డాను.

మా వదిన కాగితం విప్పలేదు. అట్టపెట్టె మీది బొమ్మ కనబడేంత వరకు ఒక మూల చింపి చూసింది. ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది గానీ కళ్ళలోంచి పోయింది.

"ఓహో. మీరే కొనేశారా," అంది. తర్వాత తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

నాకేమీ అర్థం కాలేదు. బాగాలేదా? రంగు నచ్చలేదా? సాయంత్రం కాకినాడ అత్తయ్యగారికి నేనే ఫోన్ చేశాను. సంగతి వినగానే ఆవిడ నోరు నొక్కుకున్న చప్పుడు నాకు ఫోన్లో వినిపించింది.

"అయ్యో పిచ్చిపిల్లా! పొయ్యి ఎవరిస్తే వేరు పెట్టింది వాళ్ళేనమ్మా. మా ఇంట్లో మా అన్నయ్యల్ని వేరు పెట్టినప్పుడు మా నాన్నగారు చేసింది ఇదే కదా. పొయ్యి, బిందె, రెండు గిన్నెలు ఇచ్చి, ఇక మీ బతుకు మీరు బతకండని పంపించారు. ఇప్పటిదాకా తనంతట తను వెళ్తోందనుకున్నాం. ఇప్పుడు మీరు పంపించినట్టైంది."

"నాకు తెలియదు అత్తయ్యగారూ."

"నీకు తెలియకపోతే వాడికేమైంది? వాడు పెరిగింది ఆ ఇళ్ళల్లోనేగా."

ఫోన్ పెట్టేసి మా ఆయన మీద పడ్డాను. ఆయన ఆలోచించి, "అవును, తాతగారు అలా ఇచ్చేవారు" అన్నాడు. "మరి షాపులో ఎందుకు చెప్పలేదు?" అంటే, "నువ్వు కానుక అన్నావు, నేను కానుక అనుకున్నాను. అయినా ఈ ఐడియా నీది కాదూ?" అన్నాడు. "మోసుకొచ్చింది మీరు కాదూ?" అన్నాను. అలా ఆ రాత్రి మా ఇంట్లో ముగ్గురం మూడు గదుల్లో కూర్చున్నాం.

కోపంతో వెళ్తోందా అన్నది ఒక అనుమానం. ఇప్పుడు దాని మీద ఇంకోటి, మేమే వెళ్ళగొడుతున్నామని ఆవిడ అనుకుంటోందా అని. వెళ్ళి కాళ్ళు పట్టుకుందామా అంటే, ఆవిడ ఏమీ అనలేదాయె. అననిదానికి సంజాయిషీ ఎలా చెప్పుకుంటాం? చెబితే కొత్తగా పుట్టిస్తామేమో! నాలుగు రోజులు కాలుకాలిన పిల్లిలా ఆవిడ గది ముందు తిరిగాను. స్టవ్వు పెట్టె హాల్లో సోఫా పక్కనే కూర్చుని, వచ్చే పోయేవాళ్ళ కాళ్ళకి అడ్డం పడుతూ ఉంది.

మంచిరోజు వచ్చింది. ఒక చిన్న ట్రాలీ ఆటోలో ఆవిడ సామానంతా పట్టేసింది. ఇన్నేళ్ళు ఉన్న మనిషి సామాను అంతేనా అనిపించి నాకు ఏడుపొచ్చింది. మా ఆయన ఆ స్టవ్వు పెట్టెని కూడా ఎత్తి ఆటోలో పెట్టాడు. వదిన చూసింది, వద్దనలేదు, సరేననలేదు. లింగంపల్లి స్టేషన్ వెనక కాలనీలో మొదటి అంతస్తు వాటా. ఒక గది, వంటిల్లు, బట్టలు ఆరేసుకునేంత వరండా. ఎమ్మెమ్టీఎస్ రైలు వెళ్తుంటే కిటికీ ఊచలు సన్నగా మోగుతాయి.

కింద వాటాలో ఉండే ఇంటి యజమానురాలు పసుపు చేతులతోనే పైకి వచ్చింది. గడపకి పసుపు తనే రాసిందట. సంగారెడ్డి వైపు మనిషి, గొంతు పెద్దది, మనసు కూడా పెద్దదే.

"ఏందమ్మా, పొద్దుగాలనే వచ్చిన్రా? మంచిగైంది. నీళ్ళకు ఫికర్ జెయ్యకున్రి, రోజూ వస్తయ్. గిన్ని దినాలు తమ్ముని కాడ ఉన్నవంట గద, ఇప్పుడేంది గిట్ల ఒక్కదానివే?" అని మా వదినని అడిగేసింది.

నేను నెలంతా నోట్లో దాచుకున్న ప్రశ్న అది.

"ఊరికేనండీ," అంది మా వదిన. మళ్ళీ అదే.

వంటింట్లోకి వెళ్ళి చూస్తే గట్టు మీద ఒక చిన్న స్టవ్వు ఉంది. ఒక్కటే బర్నరు. స్టేషన్ దగ్గర దుకాణంలో ముందురోజే కొని, పెట్టించుకుని వెళ్ళిందట. దానికి బొట్టు పెట్టి ఉంది. మేము తెచ్చిన పెట్టెని మా ఆయన వరండాలో దించాడు. ఆ చిన్న స్టవ్వుని చూసి ఆయన ముఖం మాడిపోయింది. కొత్త గిన్నెలో పాలు పోసి ఉన్నాయి. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను, ఏ వస్తువు ముట్టుకుంటే ఏ అర్థం వస్తుందో అని చేతులు వెనక్కి పెట్టుకుని.

"ఇగ ఆడబిడ్డను రమ్మనుర్రి," అంది ఇంటావిడ. "ఆడబిడ్డనే గద పాలు పొంగియ్యాలె."

కొత్త ఇంట్లో పాలు పొంగించేది ఆడపడుచు. ఆ మాట ఎవరూ కాదనరు. తెల్లాపూర్ ఫ్లాటులో దిగినప్పుడు, ఇంటి ఆడపడుచుగా మా వదినే పొంగించింది. మా ఆయనకి అదే గుర్తొచ్చినట్టుంది. "మా అక్కేనండీ మా ఇంటి ఆడపడుచు," అన్నాడు.

"గది మీ ఇంటికి సారూ. ఈ ఇల్లు ఆమెది గద. ఈ ఇంటికి ఆడబిడ్డ ఎవరు?"

ఇల్లంటే ఒక మగమనిషిది, ఆయన అక్కాచెల్లెళ్ళు ఆడపడుచులు. మాకు తెలిసిన లెక్క అదే. ఆడది ఒక్కతే కాపురముండే ఇంటికి ఆడపడుచు ఎవరవుతారో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. పోనీ అన్నయ్యగారి వైపు చూస్తే ఆయనకి అక్కాచెల్లెళ్ళు లేరు. మా ఆయన ఫోన్ తీశాడు, కాకినాడ అత్తయ్యగారిని అడగడానికేమో.

"పరేషాన్ గాకున్రి, జర సోంచాయించుర్రి. పాలు యాడికి బోతయ్," అంది ఇంటావిడ, పీట లాక్కుని కూర్చుంటూ.

మా వదిన ఏమీ ఆలోచించలేదు. నా వైపు చూసి, అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది.

"ఈ ఇంటికి ఆడపడుచు ఇదే. కానీయవే."

నా నోట్లోంచి వచ్చింది తెలివితక్కువ మాటే. "నేను మీ మరదల్ని కదా వదినా?"

"అది మా తమ్ముడింట్లో. ఇక్కడ కాదు."

"అట్ల ఎట్లయితదమ్మా?" అంది ఇంటావిడ.

"ఇల్లు నాది కదండీ. ఇది మా పిల్ల అన్నాను, అంతే," అంది మా వదిన.

ఇంటావిడ ఒక్క క్షణం చూసి, "మంచిగ జెప్పినవ్" అని బిగ్గరగా నవ్వింది. నేను వెలిగించాను. రెండు పుల్లలు వృథా అయ్యాయి. పాలు తూర్పు వైపే పొంగాయి. అయ్యాక మా వదిన సూట్‌కేసు తెరిచి, ఆకుపచ్చ అంచు చీర ఒకటి తీసి, పసుపూ కుంకుమతో నా ఒళ్ళో పెట్టింది. ఆడపడుచు లాంఛనం. మా అమ్మ పోయాక నాకు బొట్టు పెట్టి చీర పెట్టినవాళ్ళు లేరు. ఒక్కతే కూతుర్ని, అమ్మతోపాటే పుట్టిల్లు అనే మాట కూడా పోయింది. నేను అక్కడే కూర్చుని భోరున ఏడ్చేశాను. మా ఆయన వరండాలోకి వెళ్ళి చాలాసేపు రైళ్ళు చూశాడు.

ఏడ్చిన ధైర్యంతో, పరమాన్నం తింటూ అడిగేశాను. "వదినా, నిజం చెప్పండి. మా మీద కోపంతోనే వచ్చేశారా?"

"కోపం లేదంటే అబద్ధమవుతుంది. వంటమనిషిని పెట్టిన రోజు వచ్చింది. ఆ స్టవ్వు తెచ్చిన రోజు ఇంకా వచ్చింది. అయితే మాత్రం కోపం కోసం ఎవరైనా ఇల్లు మారతారటే?"

"మరెందుకు?"

ఆవిడ చెంచా గిన్నెలో పెట్టింది. "పెళ్ళి కాకముందు మా అమ్మ పొయ్యి. తర్వాత మా అత్తగారిది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ పప్పులో ఉప్పు ఆవిడే వెయ్యాలి. ఆవిడ పోయాక మీ అన్నయ్యగారికి ఏది ఇష్టమైతే అదే వండాను. ఆయన పోయాక నా ఒక్కదానికీ వండుకోబుద్ధే కాలేదు. తర్వాత మీది. ఇవాళ ఏం వండను అని అడగని రోజు నాకు గుర్తులేదమ్మా. అడక్కుండా వండుకుందామనిపించింది."

"మేం ఎప్పుడైనా ఏదైనా వద్దన్నామా?"

"వద్దనలేదు. నేను అడిగేదాన్నిగా మరి."

నేను తలూపాను. అర్థమైందని తలూపానే గానీ, నిజం చెప్పాలంటే పూర్తిగా ఎక్కలేదు. అడగడంలో అంత బరువేముంది? మమ్మల్ని అడిగిన ప్రతిసారీ మేం "మీ ఇష్టం వదినా" అనేవాళ్ళమే. ఆ మాట కూడా ఇచ్చేవాళ్ళు ఇస్తేనే వచ్చేది అని నాకు తట్టడానికి చాలా రోజులు పట్టింది. తట్టిందని ఇప్పుడైనా గట్టిగా చెప్పలేను. ఆ రోజు ఆవిడ అన్నంలోకి కందా బచ్చలికూర వండింది. మా ఆయనకి కంద అంటే పడదు, అందుకని మా ఇంట్లో ఎప్పుడూ వండలేదు. ఆయన పెరుగన్నం తిన్నాడు. వదిన మాత్రం రెండోసారి వడ్డించుకుని తింది.

నవల సంగతి అంటారా, ఇంకా తేలలేదు. ఒకసారి వదినకే ఆ వాక్యం చదివి వినిపించాను. "నన్నడుగుతావేవిటి? నాకేం తెలుసు ఆ దొరల గొడవ," అని కూరలు తరుక్కుంది. నేను పొయ్యి అని రాసి పంపించాను. ప్రచురణకర్త ఫోన్ చేసి, పాఠకులకి వంట గుర్తొస్తుందండీ, ఇల్లు అందాం అన్నారు. సరేనన్నాను. మర్నాడు నేనే ఫోన్ చేసి వద్దు, పొయ్యే ఉండనివ్వండి అన్నాను. ఆయన ఏమనుకున్నారో గానీ, ప్రూఫులు వచ్చాక చూసుకుందాం అని పెట్టేశారు. ప్రూఫులు వచ్చినరోజు నేనేమంటానో నాకూ తెలియదు.

వర్షాలు తగ్గాక ఒక శనివారం మా ఆయనకీ నాకూ పెద్ద గొడవైంది. ఆఫీసు స్నేహితుల్ని ఆరుగురిని ఆదివారం భోజనానికి పిలిచేశాడు, నాతో మాటవరసకైనా అనకుండా. వంటమనిషి సెలవు. నేను అరిచాను, ఆయన "ఏముంది, ఒక్కపూటేగా" అన్నాడు. ఆ 'ఏముంది' దగ్గర నాకు ఒళ్ళు తెలియలేదు. బ్యాగులో ఒక చీర, లాప్‌టాప్ పడేసుకుని, గేటు బయట ఆటో ఎక్కాను. ఎక్కడికమ్మా అని ఆటో అతను అడిగితే లింగంపల్లి అన్నాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో నేను అలిగి గడప దాటడం అదే మొదటిసారి. ఇదివరకు కోపం రాక కాదు. దాటి ఎక్కడికి వెళ్ళాలో తెలియక.

మా వదిన తలుపు తీసి, బ్యాగు వైపూ ముఖం వైపూ చూసి, ఏమైందని అడగలేదు. కాళ్ళు కడుక్కోమంది. అన్నం పెట్టింది. నేను సగం తింటుండగా ఫోన్ మోగింది. ఎవరో నాకు తెలుసు.

"ఆఁ, ఇక్కడే ఉంది. తింటోంది... లేదురా, ఇవాళ పంపను... రేపు మీ వాళ్ళొస్తే నువ్వే వండి పెట్టుకో, లేదా బయట తినండి... నేనెవరి తరఫునా? అదేం ప్రశ్నరా? ఏడ్చుకుంటూ వచ్చిన పిల్లని వెంటనే వెనక్కి పంపుతారా ఎవరైనా?"

అటువైపు మా ఆయన గొంతు నాకు కూడా వినిపిస్తోంది. "అక్కా, నేను నీ సొంత తమ్ముణ్ణే!" అంటున్నాడు పాపం, నిజంగానే ఏమీ అర్థం కాక.

"తమ్ముడివే, ఎవరు కాదన్నారు? ఇవాళ్టికి మాత్రం మా ఇంటి అల్లుడివి. ఎల్లుండి వచ్చి, మర్యాదగా మాట్లాడి తీసుకెళ్ళు. వచ్చేటప్పుడు పళ్ళు పట్టుకురా," అని ఫోన్ పెట్టేసి, మా వదిన నాకు మారు అన్నం వడ్డించింది.